వినిపించని మాటకు తెల్లరంగు

చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చోమన్నాడు మా మేనేజరు క్రిస్పిన్. బడిపిల్లకు చెప్పినట్టు చెప్పాడు. యాభై ఆరేళ్ళు నాకు. అందులో ఇరవై ఏళ్ళు మాంచెస్టర్‌లో ఈ మేడ మీద, ఈ గాజుగదిలో, ఈ మైకు ముందు నోరు నొప్పెట్టేదాకా మాట్లాడుతూ గడిపాను. అలాంటిదాన్ని రెండు గంటల నుంచి మూడు గంటల దాకా నోరు మూసుకుని, నా పని యంత్రం చేస్తుంటే చూడాలట. సరే, పెట్టుకున్నాను, చూడు నాయనా, రెండు చేతులూ, బుద్ధిగా. గడియారం ఒకటీ యాభై ఎనిమిది. ఈ గంటలో టీవీలో ఎవరేం మాట్లాడినా యంత్రమే విని, యంత్రమే అక్షరాలు చేసి తెర అడుగున వేస్తుంది. అది గట్టెక్కిందంటే సోమవారం నుంచి మధ్యాహ్నపు ప్రత్యక్ష ప్రసారాలన్నీ దానివే, నాకూ నా జంట షాజియాకూ ఈ గది తలుపు మూసుకున్నట్టే. "మీట మాత్రం ముట్టుకోకండి బెవర్లీ. ముట్టుకున్నారా, పరీక్ష మొత్తం చెడిపోతుంది. పైవాళ్ళకు నేను సంజాయిషీ ఇచ్చుకోవాలి" అన్నాడు, సగం బతిమాలుతూ సగం బెదిరిస్తూ. ఆ మీట నా కుడిచేతికి జానెడు దూరంలో ఉంది. నొక్కితే యంత్రం పక్కకు తప్పుకుని నా గొంతు ఎక్కుతుంది. కింద పడిన చిల్లరను చూసినట్టు దాన్నే చూస్తున్నాను, తీసుకోను, కానీ కళ్ళు తిప్పలేను.

నేను చేసే పని ఇదీ అని చెబితే సగంమంది నమ్మరు. టైపు చేస్తాననుకుంటారు. టైపు కాదమ్మా, మాట. టీవీలో మనిషి మాట్లాడుతుంటాడు, ఆ మాట నా చెవుల్లో పడుతుంది, పడిన వెంటనే అదే మాటను నేను మైకులోకి మళ్ళీ అంటాను, నా గొంతుకు అలవాటుపడిన పాత కంప్యూటరు దాన్ని అక్షరాలుగా మారుస్తుంది. నా గొంతు ఒక్కటే తెలుసు దానికి, కుక్కకు యజమాని తెలిసినట్టు. అందుకని ఉప్పూకారం లేకుండా చప్పగా మాట్లాడాలి. కోపం వద్దు, నవ్వు వద్దు, ఏడుపు అసలే వద్దు, గొంతు వణికిందా ఆ ముసలి కంప్యూటరు చేతులెత్తేస్తుంది. ఎక్కడ ఆగాలో కూడా పైకి చెప్పాలి. వరదలు వచ్చాయి కామా ముగ్గురు చనిపోయారు ఫుల్‌స్టాప్. ఇలా రోజంతా. ఒక మనిషి మాట్లాడితే ఒక రంగు, రెండో మనిషికి ఇంకో రంగు, తెలుపు, పసుపు, లేతనీలం, ఆకుపచ్చ. తెలుపు ఎప్పుడూ కార్యక్రమం నడిపేవాడిదే, అది నిబంధన. చెవుల్లో ఒకరు, నోట్లో ఒకరు, మధ్యలో నా బుర్ర మాత్రం ఖాళీగా ఎక్కడెక్కడో తిరిగివస్తుంది. నోటికీ బుర్రకూ సంబంధం తెగిపోయి ఎన్నేళ్ళయిందో. ఇవాళ నోటికి పనిలేదు కాబట్టి బుర్ర మరీ రెచ్చిపోతోంది.

నాన్న పోయినప్పుడు బర్న్లీ శ్మశానంలో నాలుగు ముక్కలు మాట్లాడమన్నారు. ఏడుపు వస్తుందని భయమేసి ఈ చప్పటి గొంతే తెచ్చుకున్నాను, ఏడవకుండా మాట్లాడటం నాకొచ్చిన ఒకే ఒక్క విద్య కదా. మా నాన్న నలభై ఏళ్ళు పాలబండి నడిపాడు కామా ఒక్క సీసా కూడా చప్పుడు కాకుండా గుమ్మంలో పెట్టేవాడు ఫుల్‌స్టాప్. అలాగే పైకి అనేశాను, కామాతో సహా. అన్నాననే సంగతి మూడో ఫుల్‌స్టాప్ దగ్గర గానీ నాకు తెలియలేదు. వెనక వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు, తర్వాత అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. అమ్మ ఒక్కతే నవ్వలేదు. ఆమెకు నవ్వులు వినపడలేదు, నా పెదవులు చూస్తోంది. కారెక్కాక నా మోచెయ్యి పట్టుకుని అడిగింది, "మీ నాన్నకు ఫుల్‌స్టాప్ ఎందుకు పెట్టావే?"

రెండయింది. పాట, సోఫా, పూలకుండీ, నవ్వే మార్కస్ పళ్ళు. మార్కస్ అంటే ఈ మధ్యాహ్నపు కబుర్ల కార్యక్రమం నడిపే పెద్దమనిషి, పదకొండేళ్ళుగా అతని ప్రతి మాటనూ నా నోటితో నమిలి అప్పజెప్పాను, అతనికి నా పేరు కూడా తెలియదు. ఇవాళ యంత్రం అప్పజెబుతోంది. నమస్కారం, బయట ఎండ లేకపోయినా ఇక్కడ ఎండే ఎండ, అంటున్నాడు, అక్షరాలు అతని పెదవులతోపాటే వచ్చి పడుతున్నాయి. నాకైతే నాలుగు సెకన్లు పట్టేది. అబద్ధమెందుకు, బాగానే చేస్తోంది. మొదటి అతిథి వంటమనిషి, రూబార్బ్ కాడలతో ఏదో పులుపు చేస్తున్నాడు, గరిటె చప్పుళ్ళు, నవ్వులు, ఇద్దరూ ఒకేసారి మాట్లాడటం, అన్నీ దిగమింగింది. అద్దం అవతల క్రిస్పిన్ నాకు బొటనవేలు ఎత్తి చూపించాడు. అతనికి ముప్పై నాలుగేళ్ళు, చెడ్డవాడు కాదు, నా పుట్టినరోజుకు కేకు తెస్తాడు. కేకు తెచ్చే చేత్తోనే తలుపు కూడా మూస్తాడు. షాజియా నా పక్కన టీ కప్పు పట్టుకుని కూర్చుంది. బ్లాక్‌బర్న్ పిల్ల, తొమ్మిదేళ్ళుగా నా జంట, పావుగంట నేను, పావుగంట ఆమె, ఒకరి మాట మధ్యలో ఇంకొకరం అందుకుంటాం, చూసేవాళ్ళకు అతుకు తెలియదు. "అక్కా, బానే చేస్తోందే ఇది" అంది నీరసంగా. "వంటలే కదా. రూబార్బ్‌ను ఎవరైనా రాస్తారు" అన్నాను. అన్నానే గానీ కళ్ళు గడియారం మీదికి పోయాయి.

ఎందుకంటే ఈ సమయానికి అమ్మ కుర్చీలో కూర్చుని ఉంటుంది. నెల్సన్ ఊళ్ళో, కిటికీ పక్కన, కాళ్ళ మీద గీతల దుప్పటి, బల్ల మీద ఇంచుమించు చల్లారిన టీ. ఎనభై నాలుగేళ్ళు. పొద్దున్న ఆరుకు నేను డ్యూటీ ఎక్కుతాను, ఆరుకే ఆమె టీవీ పెడుతుంది, ఇదే ఛానెల్, వేరేది పెట్టదు, ఇది దేశం మొత్తానిది కాబట్టి నాది కూడా అంటుంది. ఆరు గంటల వార్తలు, కొండదారి మీద మంచు కమ్మిందనీ లారీ బోల్తాపడిందనీ. ఇవాళ తొమ్మిదిన్నరకు పశువుల డాక్టరు గుప్పెడంత ముళ్ళపందిని చేతిలో పెట్టుకుని దాని పొట్ట చూపించాడు, ముళ్ళపంది అతని చొక్కా తడిపింది, ఆ మాటా నేనే అన్నాను. పదకొండుకు పార్లమెంటు కమిటీ, చేపల పడవలు, రెండు గంటలపాటు చేపలు. ఒంటిగంట వార్తలు. ఇప్పుడు మార్కస్. మూడింటికి స్నూకర్, అమ్మకు ప్రాణం ఆ బల్లా బంతుల ఆట, ఎవరూ ఏమీ అనకుండా పని చేసుకుపోతారని. మాకు ఫోన్లో మాట్లాడుకోవడాలు ఉండవు, అమ్మకు వినపడదు. కానీ రోజు పొడుగునా నేను ఆమెతో మాట్లాడుతూనే ఉంటాను, ముళ్ళపంది గురించి, చేపల గురించి. ఆమెకు మనుషుల పేర్లు పట్టవు, రంగులే. సాయంత్రం ఫోనుకు సందేశం పంపుతుంది, పసుపు మనిషికి జలుబు చేసినట్టుంది, ఆకుపచ్చాయన అబద్ధమాడుతున్నాడు చూడు, అని. ఆకుపచ్చాయన అంటే మంత్రిగారు. పోయిన నెల చేపల కమిటీలో ఒక పెద్దాయన ఒక్క ప్రశ్నకు పద్నాలుగుసార్లు నసిగాడు. నసుగుళ్ళు తీసేసి సాఫుగా రాయమని మా నిబంధనల పుస్తకంలో ఉంది. నేను పద్నాలుగూ వేశాను. అ, అ, అది, అంటే, అ. తడబాటు కూడా మాటే అని నా వాదన, వినేవాడికి అది ఉచితంగా దొరుకుతుంటే చదివేవాడికి ఎందుకు దొరకకూడదు? హెచ్చరిక కాగితం ఇచ్చారు. ఫ్రిజ్ మీద అంటించుకున్నాను.

అమ్మ పదిహేనేళ్ళకు నేతషెడ్డులో చేరింది, ఆరు మగ్గాలు ఆమెవి, ఇనుప మగ్గాలు, నూలు మోసే నాడె ఇటునుంచి అటు విసురుగా వెళ్ళినప్పుడల్లా తుపాకీ పేలినట్టు. అలాంటివి ఆ షెడ్డులో మూడువందలు. చెవుల్లో నూలుచెత్త కుక్కుకునేవాళ్ళు, ఎవరు మాత్రం ఎంత కుక్కుకుంటారు. ముప్పై నిండేసరికి వినికిడి పోయింది. వయసు మీద పడితే అందరికీ వచ్చేదేనన్నాడు డాక్టరు, ముప్పై ఏళ్ళ మనిషికి. కానీ ఆ చప్పుడులో ఆడవాళ్ళు నోరు మూసుకుని కూర్చోలేదు. పెదవులతో, బుగ్గలతో, కనుబొమ్మలతో, మొహమంతా పెట్టి మాట్లాడుకునేవాళ్ళు, చప్పుడు లేకుండా, నలభై మగ్గాల అవతలివాళ్ళతో కూడా. మీమా అంటాం మావైపు. ముందు చెయ్యెత్తాలి, నేను నీతో మాట్లాడతాను అని. అవతలామె చెయ్యెత్తుతుంది, చూస్తున్నాను చెప్పు అని. అప్పుడు మొదలు. మేస్త్రీకి ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు, అతని ఎదుటే అతని పెళ్ళాం సంగతులన్నీ చెప్పుకునేవాళ్ళు. నాకు మామూలు మాట కంటే ముందు అదే వచ్చింది. మా ఇంట్లో మాటకు చప్పుడుండేది కాదు. బడిలో నేను స్నేహితురాలి చెవిలో తిట్టిన తిట్టును అమ్మ గేటు దగ్గర నిలబడి చదివేసేది, ఇంటికెళ్ళాక వీపు విమానం మోత. అబద్ధమాడాలంటే అటు తిరిగి ఆడాల్సిందే.

"ఇప్పుడు మన రెండో అతిథి" అంటున్నాడు మార్కస్, "ఎనభై ఆరేళ్ళ ఎడిత్ ఎంట్విసిల్ గారు, ముప్పై ఒక్క ఏళ్ళు నేతపని చేసిన మనిషి, ఆ మంచిరోజుల గురించి చెప్పడానికి వచ్చారు." మంచిరోజులట. నేను నిటారుగా కూర్చున్నాను. సోఫా మీద ఒక చిన్న మనిషి, నీలం కోటు, గుండీలు గొంతుదాకా, పర్సు ఒళ్ళో గట్టిగా పట్టుకుని. మార్కస్ మాట్లాడుతుంటే అతని కళ్ళలోకి చూడటం లేదు, నోటిని చూస్తోంది. తెలిసిపోయింది. మరుక్షణం ఆమె నోరు తెరిచింది. చెవిటితనంలో అరవై ఏళ్ళు నానిపోయిన గొంతు, మాటల చివర్లు అరిగిపోయి, మా లాంకషైర్ యాస దట్టంగా, ఎక్కడ గట్టిగా ఎక్కడ మెల్లగా అనాలో తెలియని గొంతు. మా అమ్మ గొంతు. అంటే మా అమ్మది కాదు, కానీ అదే. నాకు ప్రతి అక్షరం తెలిసింది, మంచిరోజులని ఎవరన్నారయ్యా నీతో, అంటోంది ఆమె. తెర అడుగున చూశాను. మార్కస్ మాటలు తెల్లగా పొందికగా ఉన్నాయి. ఆమె మాటలు ఉండాల్సిన చోట పసుపురంగులో బ్రాకెట్లు వేసి, అస్పష్టం, అని ఉంది.

మార్కస్‌కూ అర్థం కాలేదు. పళ్ళన్నీ చూపించి అద్భుతం అన్నాడు. అద్భుతం అని తెర మీద పడింది. ఆమె మళ్ళీ చెబుతోంది, షెడ్డులో మొదటిరోజు సాయంత్రం ఇంటికెళ్తే చెవుల్లో ఈగలు ముసిరినట్టుందనీ, ఏడాది తిరిగేసరికి కెటిల్ ఈల వినపడలేదనీ. తెర మీద అస్పష్టం. కొంచెం ఆగి, అస్పష్టం. షాజియా నా వైపు తిరిగింది, "అక్కా, నీకు తెలుస్తోందా ఆవిడేమంటోందో?" నేను తలూపాను. "మొత్తమా?" మొత్తం. అద్దం అవతల క్రిస్పిన్ తన తెర చూసుకుంటున్నాడు, తప్పుల లెక్క ఉంటుంది అందులో. నాకు తెలుసు ఆ లెక్క ఎలా వేస్తారో, అస్పష్టం అన్నది తప్పు కిందకు రాదు. తెలియదని ఒప్పుకుంది కాబట్టి. ఆమె గంటసేపు చెప్పినా యంత్రానికి నూటికి నూరు మార్కులే. నెల్సన్‌లో కిటికీ పక్కన ఒక మనిషి, అరవై ఏళ్ళలో మొదటిసారి తన షెడ్డు మనిషిని, తనలాంటి మనిషిని టీవీలో చూస్తోంది. అమ్మ ముందుకు వంగి ఉంటుంది ఈపాటికి. దుప్పటి జారిపోయి ఉంటుంది. కెమెరా ఒక్కోసారి ఎడిత్ మొహం మీదినుంచి తప్పుకుని మార్కస్ పళ్ళకు పోతోంది, పెదవులు చదవడానికి లేదు. చదవమని కింద ఇచ్చిన చోట అస్పష్టం. మీ మాట మాకు అస్పష్టం, మీ బతుకు మాకు అస్పష్టం, డాక్టరుకూ అస్పష్టమే, మేస్త్రీకీ అస్పష్టమే. ఒళ్ళు మండిపోయింది నాకు. ఇంత మంటను నేను ఈ కుర్చీలో ఇరవై ఏళ్ళలో పడలేదు, పడనివ్వరు, గొంతు మారుతుందని. ఉద్యోగం పోతే పోనీ, ఎటూ సోమవారానికి పోయేదే కదా, అని కాదు, అలా అనుకుంటే అది ధైర్యమే కాదు. నిజం చెప్పాలంటే ఉద్యోగం నిలబడే దారి ఒకటుంది. బుద్ధిగా కూర్చుంటే రాత్రి వార్తల జట్టులో నాకొక చోటు చూస్తానని క్రిస్పిన్ పొద్దున్నే చెవిన వేశాడు. షాజియాకు కాదు, నాకు మాత్రమే. అది నేను షాజియాకు చెప్పలేదు. ఇదిగో ఇప్పుడు, ఈ క్షణంలో, అదంతా నా ఒళ్ళో నా చేతుల కింద ఉంది, రెండు చేతులూ దాన్ని కప్పి పెట్టుకున్నాయి. ఒక చెయ్యి తీశాను. మీట నొక్కాను.

హెడ్‌ఫోన్లు. మైకు. రంగు మీట మీద వేలు. ఆమెకు పసుపు ఇచ్చింది యంత్రం, నేను మార్చాను. తెలుపు. నిబంధన సంగతి నాకు తెలుసు. ఈ గదిలో ఇవాళ కార్యక్రమం నడిపేది ఎడిత్ ఎంట్విసిల్, మార్కస్ పసుపులో ఉంటాడు, చచ్చిపోడు. చప్పటి గొంతు తెచ్చుకున్నాను, శ్మశానంలో తెచ్చుకున్న గొంతు, ఆమె మాట అందుకున్నాను. నాకు బిడ్డ పుట్టింది కామా ఏడిస్తే నాకు వినపడదు ఫుల్‌స్టాప్. షెడ్డు నుంచి నూలుపోగు తెచ్చి కామా ఒక కొస ఊయలకు కట్టి కామా రెండో కొస నా కాలి బొటనవేలికి కట్టుకుని పడుకునేదాన్ని ఫుల్‌స్టాప్. అది కదిలితే పోగు లాగేది కామా లేచేదాన్ని ఫుల్‌స్టాప్. మా అమ్మ పోగు కట్టలేదు. నా పక్క మీద పడుకుని నా డొక్క మీద అరచెయ్యి పెట్టుకునేది, నేను ఊపిరి గట్టిగా తీసినా మెలకువ వచ్చేదట, పదేళ్ళదాకా నాకు ఆ చెయ్యి బరువు లేకపోతే నిద్రపట్టేది కాదు, ఇప్పుడు గొంతు వణకకూడదు, వణకకూడదు, వణికిందా ఈ ముసలి కంప్యూటరు కూడా ఈమెను అస్పష్టం చేసేస్తుంది. ఒకరోజు పోగు తెగింది కామా అంటోంది ఆమె. కామా. నేను పొద్దున్న లేచేసరికి బిడ్డ ఏడ్చి ఏడ్చి గొంతు పోయి ఉంది కామా నా వైపే చూస్తోంది ఫుల్‌స్టాప్. ఆ చూపు నాకు ఇప్పటికీ గుర్తే ఫుల్‌స్టాప్. మీరు మంచిరోజులంటున్నారు ఫుల్‌స్టాప్. బట్ట మంచిదే ఫుల్‌స్టాప్. మేం నేసిన బట్ట చిరగమన్నా చిరగదు ఫుల్‌స్టాప్. అన్నాను, అంతా అన్నాను, ఒక్క మాట కొయ్యకుండా, ఆమె ఆగిన చోట ఆగాను, ఆమె వెతుక్కున్న చోట వెతుక్కున్నాను. నా గొంతు బల్లపరుపుగా ఉంది. నా మొహమంతా తడి.

క్రిస్పిన్ తలుపు దగ్గరికి వచ్చాడు. షాజియా లేచి టీ కప్పుతో సహా వెళ్ళి తలుపుకు వీపు ఆనించి నిలబడింది. అద్దం అవతల అతని నోరు ఆడుతోంది, చప్పుడు రావడం లేదు, నాకు చప్పుడెందుకు. బెవర్లీ, బెవర్లీ, ఏమిటిది, తలుపు తియ్యండి షాజియా. షాజియా టీ తాగుతోంది. తీరిగ్గా, ఊదుకుంటూ. ఆ టీ చల్లారి అరగంటయింది.

మార్కస్‌కు చెవిలో ఎవరో టైమయిందని చెప్పారు, అతని కళ్ళు పక్కకు పోయాయి. ఆమె మాట మధ్యలో ఉంది. వాక్యం సగంలో ఉంది. "ఎడిత్ గారూ, మీ మాటలు వింటుంటే ఎంత బాగుందో, కానీ ఏం చేస్తాం, సమయం అయిపోయింది" అన్నాడు, ఆమె మోకాలు తట్టాడు, చప్పట్లు, పాట పైకి లేచింది, ఆమె మైకు ఆపేశారు, పేర్లు కింద నుంచి పైకి పాకుతున్నాయి. ఇక్కడితో నా పని అయిపోయినట్టే. వినిపించిన మాట రాయాలి, పాట వస్తే పాట అని రాయాలి, మా పుస్తకం మొదటి పేజీలో మొదటి వాక్యం అదే. పేర్ల వెనకాల సోఫా ఇంకా కనిపిస్తోంది. మార్కస్ కాగితాలు సర్దుకుంటున్నాడు. ఎడిత్ ఎంట్విసిల్ కెమెరా వైపు తిరిగింది. తిన్నగా, నా వైపు. చెయ్యి ఎత్తింది. తర్వాత ఆమె మొహమంతా కదలడం మొదలుపెట్టింది, బుగ్గలు, కనుబొమ్మలు, పెదవులు ఇంతింత పెద్దవిగా, ఒక్క చప్పుడు లేకుండా.

స్టూడియోలో ఎవరికీ తెలియలేదు. ముసలామె నోరు ఊరికే ఆడుతోందనుకుని ఉంటారు. యంత్రానికి పాట వినిపిస్తోంది. నాకు నాలుగేళ్ళ వయసులో వంటింటి గుమ్మంలో నిలబడి చదివిన భాష కనిపిస్తోంది. మైకు మీద నా చెయ్యి ఇంకా ఉంది. తెలుపు. మొదలుపెట్టాను. ఒసేయ్ పిల్లల్లారా, వీడు నన్ను మధ్యలో కోసేశాడు చూశారా. నాకింకా అయిపోలేదు. మనం ఊరికే పడి ఉండలేదు, ఆ చప్పుడులో కూడా చెప్పుకున్నాం, ఒకరికొకరం చెప్పుకున్నాం. ఎంతమంది మిగిలారో నాకు తెలియదు. చూస్తున్నవాళ్ళు చెయ్యెత్తండి. అక్షరాలు తెల్లగా, పేర్ల మీదుగా, పాట మీదుగా వెళ్ళాయి, చూస్తున్నవాళ్ళు చెయ్యెత్తండి, రెండు సెకన్లు, మూడు సెకన్లు, తెర నల్లబడింది. ఆ నలుపులో నన్ను నేను చూసుకున్నాను. ఒళ్ళో ఉండాల్సిన నా ఎడంచెయ్యి తలకంటే పైకి లేచి ఉంది.

షాజియా తలుపు దగ్గరినుంచి జరిగింది. క్రిస్పిన్ లోపలికి వచ్చి, నా చెయ్యి చూసి ఆగాడు. "ఏంటి, ఏమైనా అడగాలా?"

"లేదు. ఆవిడ అడిగింది. జవాబు చెబుతున్నా."

"ఆవిడ ఏమీ అడగలేదు బెవర్లీ! మైకు ఆపేశారు. నేనూ విన్నాను, పాట తప్ప ఏమీ లేదు. లేని మాటలు వేశారు మీరు, దేశం మొత్తానికి. సొంతంగా కల్పించి."

"వినకు, చూడు. రికార్డు పెట్టుకుని మీ అమ్మమ్మకు చూపించు. మీది ఆక్రింగ్టన్ అన్నావుగా, ఆవిడ ఎక్కడ పనిచేసింది?"

"స్పిన్నింగులో, నూలు వడికేచోట" అన్నాడు మెల్లగా. తర్వాత మేనేజరు గొంతు వెతుక్కున్నాడు. "పరీక్ష చెడిపోయింది. నేను రాయాలి. జరిగింది జరిగినట్టు రాయాలి."

"రాయి నాయనా. ఏడు నిమిషాలు ఒక మనిషి మాట్లాడితే యంత్రానికి ఒక్క తప్పూ రాలేదని రాయి, ఎందుకంటే ఒక్క మాటా రాలేదు. అది కూడా రాయి. రాత్రి వార్తల చోటు నాకొద్దని కూడా రాసెయ్యి, ఒకే కాగితం సరిపోతుంది."

"రాత్రి వార్తలేంటక్కా?" అంది షాజియా.

"తర్వాత చెబుతా. తిడుదువుగాని."

అతను వెళ్ళిపోయాడు. కాగితం వస్తుంది, ఫ్రిజ్ మీద ఇంకా చోటుంది. వచ్చే సోమవారం ఏమవుతుందో నాకు తెలియదు, యంత్రం మళ్ళీ వస్తుంది, ఇంకోరోజు ఇంకో పరీక్ష పెడతారు, అది నేర్చుకుంటుంది కూడా, నేర్చుకోనీ, ఎడిత్ ఎంట్విసిల్ గొంతు నేర్చుకుంటానంటే కూర్చోబెట్టి నేనే నేర్పుతాను, ఆమె ఉన్నంతలో. గడియారం రెండూ యాభై తొమ్మిది. ఆకుపచ్చ బల్ల, ఎర్ర బంతులు, కోటు వేసుకున్న ఇద్దరు మగాళ్ళు కర్రల కొసలకు చాకుపీసు రుద్దుకుంటున్నారు. వ్యాఖ్యాత గొంతు సవరించుకుంటున్నాడు. మూడింటి నుంచి మైకు నాదే, ఇవాళ్టికి పట్టికలో అలాగే ఉంది.

ఫోను బల్ల మీద గింగిర్లు తిరిగింది. అమ్మ. సందేశం నిండా తప్పులు, మామూలుగా ఆమె ఒక్క అక్షరం తప్పు రాయదు, బడిలో బహుమతులు తెచ్చుకున్న మనిషి. చివర్లో ఆవిడ పెదవులతో మార్కస్‌ను ఒక మాట అంది, నువ్వు అది వదిలేశావు, అని రాసింది. నిజమే, వదిలేశాను, మధ్యాహ్నం పూట పిల్లలు చూస్తారని. ఆ ఒక్కటీ వదిలేశాను. కింద అమ్మ ఇంకో సందేశం పంపింది.

చెయ్యి ఎత్తాను. ఆవిడకు కనపడదని తెలుసు. అయినా దించబుద్ధి కావడం లేదు, ఒంటిచేత్తో కొడుతున్నా, తప్పులుంటే సర్దుకుని చదువుకో.